వియ్యంకుడి కోసం ముప్పై లక్షల వోల్టులు

నాగేంద్రారెడ్డికి మంచి పేరు ఉంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఆయన పేరు చెబితే కుర్చీ వేస్తారు. పులివెందుల దగ్గర ఆయన సొంత ఊళ్ళో సంబంధం కుదరాలన్నా, గట్టు తగాదా తెగాలన్నా ఆయన రావాల్సిందే. మాట మనిషి అంటారు. నేను ఆయన కింద ఏళ్ళ తరబడి పనిచేశాను. ఆ మాటకు ఎంత ఖరీదు పడిందో, అది ఎవరి నెత్తిన పడిందో చూశాను. అందుకే ఆయన్ను ఎవరైనా పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు సుందరం. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు వెళ్ళే దారిలో, నాపరాయి గనులు దాటాక ఒక యాక్సిలరేటర్ కేంద్రం ఉంది. అక్కడ కంట్రోల్ రూములో ఎలక్ట్రానిక్స్ చూసేది నేనే. బస్సులో పోయేవాళ్ళు దాన్ని కరెంటు సబ్‌స్టేషన్ అనుకుంటారు. లోపల రైలు పెట్టె పొడవున్న ఉక్కు ట్యాంకు ఒకటి ఉంటుంది. దాని నిండా ఒత్తిడి పెట్టి గ్యాసు నింపుతాం. ట్యాంకు నడిమధ్యన లక్షల వోల్టులు నిలబెడతాం. ఒక చివర నుంచి గొట్టంలోకి అయాన్లను వదిలితే, ఆ వోల్టేజీ వాటిని లాగి, తోసి, రెండో చివర నుంచి మహా వేగంతో బయటికి పంపుతుంది. అవి పోయి పల్చటి రేకు మీద పడతాయి. ఆ దెబ్బకు పరమాణు కేంద్రకాల్లో ఏం జరిగిందో కొలుచుకోవడానికి దేశం నలుమూలల నుంచి పరిశోధకులు మా దగ్గరికి వస్తారు. అట్లా బయటికొచ్చే ప్రవాహాన్నే బీమ్ అంటాం. బీమ్ ఉంటే మేమున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ కేంద్రానికి స్థలం ఇచ్చింది నాగేంద్రారెడ్డి వాళ్ళ నాన్న. గడ్డి కూడా మొలవని బీడు అది. దాన్ని ఇచ్చి, కొడుక్కి అందులో ఉద్యోగం రాయించుకున్నాడు. కొడుకు భౌతికశాస్త్రం చదివాడు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. మిషన్ నడిపించే విభాగానికి మెల్లగా ఆయనే పెద్ద అయ్యాడు. డైరెక్టరుగారు హైదరాబాదులో ఉండి, చుట్టపు చూపుగా వచ్చి పోయేవారు. ఇక అడిగేవాడెవడు?

తెలివి లేనివాడైతే నేను ఈ రాత రాసేవాణ్ణి కాదు. ట్యాంకు లోపల కరెంటును మోస్తూ తిరిగే గొలుసు చప్పుడు విని అది ఎక్కడ అరుగుతోందో చెప్పగలడు. మా బోరు నీళ్ళు రాయిలాంటివి, చల్లబరిచే గొట్టాల్లో సున్నం పేరుకుపోయేది. ఆ నీళ్ళను శుద్ధి చేసే ప్లాంటు కావాలని డైరెక్టరుతో పోట్లాడి తెచ్చింది ఆయనే. గనుల దుమ్ము లోపలికి రాకుండా రెండు తలుపుల గది కట్టించిందీ ఆయనే. పని తెలుసు. తెలిసి కూడా, ఆ యాక్సిలరేటర్‌ను వాళ్ళ ఊరి చెరువు అనుకున్నాడు.

చెరువు కింద మళ్ళకు నీళ్ళు వంతుల మీద వదులుతారు కదా, బీమ్‌ను అట్లా వదిలేవాడు. వంతు ఎవరిదో కాగితం మీద డైరెక్టరు నిర్ణయించేవారు, నిజంగా తూము ఎత్తేది నాగేంద్రారెడ్డి. డబ్బు ముట్టేవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయనకు కావాల్సింది మర్యాద. వచ్చినవాళ్ళు ముందు ఆయన గదిలో కూర్చోవాలి, ఆయన వంశం గురించి వినాలి, ఆయన జీపులో గండికోటకు పోయి లోయ చూడాలి, వచ్చి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు తినాలి. కలకత్తా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు పాపం కడుపు బాగాలేదని పెరుగన్నం అడిగాడు. ఆయన వంతు మొదలయ్యేసరికి మిషన్‌కు ఏదో జబ్బు చేసింది. ఆయన రైలెక్కిన రోజే నయమైంది.

"మిషన్ గూడా మనిషి మాదిరేనప్పా. దాని మనసు కనుక్కోని నడపాల" అనేవాడు నాతో. మిషన్ మనసు కాదు, ఆయన మనసు కనుక్కోలేక చచ్చేవాళ్ళం అందరం.

ఇట్లా నడుస్తుండగా మిషన్ నిజంగానే ముసలిదైపోయింది. ముప్పై లక్షల వోల్టులకని కట్టింది అందులో సగం దగ్గరే ఆయాసపడేది. బీమ్ వణికేది. డైరెక్టరు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో కానీ చివరికి కొత్త ట్యూబులు మంజూరయ్యాయి. ట్యూబంటే ట్యాంకు లోపల అయాన్లు పరుగెత్తే గొట్టం. లోహపు రింగు, గాజు రింగు, లోహపు రింగు ఇట్లా వరసగా అతికించి చేస్తారు. లోపల గాలి అనేది ఉండకూడదు. మన దేశంలో దొరకవు, బయటి నుంచి ఓడలో రావాలి. పాతవి తీసి ఇవి బిగించడానికి మిషన్‌ను ఆపేశాం. ఆ పని మొత్తం గౌస్ మొహిద్దీన్ చేతుల మీద జరిగింది. ప్రొద్దుటూరు మనిషి, మా వ్యాక్యూమ్ టెక్నీషియను, నోరు కొంచెం దురుసు. ట్యాంకు తెరిచి ఉన్నన్నాళ్ళూ నాగేంద్రారెడ్డి చుట్టాలు తిరునాళ్ళకు వచ్చినట్టు చూడవచ్చేవాళ్ళు. "చెప్పులు బయటిడిసి, నోట్లో వక్క ఊసేసి, దూరం నించి చూడండి సామీ. మీ ఎంట్రుక ఒగటి దీంట్లో పడితే నా పని మళ్ళా మొదటికొస్తాది" అని గౌస్ తలుపు దగ్గరే నిలబెట్టేవాడు. అందుకు ఆయన మీద నాగేంద్రారెడ్డికి లోపల గుర్రుగా ఉండేది.

కొత్త ట్యూబుల కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది లిడియా. జమ్మలమడుగు పిల్ల. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన కమలమ్మ మనవరాలు, మా చర్చి పిల్లే. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. నక్షత్రాల కడుపులో మెగ్నీషియం ఒక ప్రోటాన్‌ను మింగి అల్యూమినియంగా ఎంత తొందరగా మారుతుందో కొలవాలి. ఆ మార్పు జరగడం చాలా అరుదు. బీమ్ వణక్కుండా రోజుల తరబడి నిలబడితే తప్ప లెక్క తేలదు. పాత ట్యూబులతో రెండుసార్లు మొదలుపెట్టింది, రెండుసార్లూ కొలత చెడింది. ఫెలోషిప్ గడువు అయిపోయింది. మిషన్ బాగవుతోంది కదా అని డైరెక్టరు ఎవరినో బతిమాలి జూన్ దాకా పొడిగించారు. ఆ తర్వాత ఇక లేదు. మే నెలలో బీమ్ దొరికితే ఆమె చదువు గట్టెక్కుతుంది, దొరక్కపోతే ఇన్నేళ్ళూ గంగలో కలిసినట్టే. ఇది మా కేంద్రంలో వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

సంక్రాంతి పోయాక ట్యూబులు బిగించడం పూర్తయింది. లోపల గాలి లాగడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాత చేయాల్సింది కండిషనింగ్. కొత్త కుండ కొంటే దాన్ని నానబెట్టి, సన్నసెగ మీద మరగబెట్టి, అప్పుడు కదా కూర వండేది? ఇదీ అంతే. వోల్టేజీ కొంచెం పెంచాలి. లోపల చిన్న చిన్న మెరుపులు వస్తాయి, వాటి పని అవి చేసుకుని ట్యూబు గోడలు శుభ్రమవుతాయి. ఆగాలి. మళ్ళీ కొంచెం పెంచాలి. తొందరపడితే ఆ చిన్న మెరుపులే పిడుగులై గాజును కాల్చేస్తాయి. మార్చిలో మొదలుపెడితే ఏప్రిల్ చివరికి ముప్పై లక్షలు చేరతామని నాగేంద్రారెడ్డే చెప్పాడు. ఆ లెక్క సరైందే. లిడియా వంతు మే మొదటి వారం నుంచి అన్నదీ ఆయనే.

అప్పుడు ఆయన కూతురి పెండ్లి కుదిరింది. నిశ్చితార్థం పులివెందులలో. నేనూ వెళ్ళాను. వియ్యంకుడు ఓబుళరెడ్డికి అరటితోటలున్నాయి, కంకర క్రషర్లున్నాయి, నోటికి అదుపు మాత్రం లేదు. బంతిలో పక్కపక్కనే కూర్చున్నారు ఇద్దరూ. ఓళిగలు వడ్డిస్తుండగా ఓబుళరెడ్డి అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"ఏంది బావా, మీ మిషన్ మూలబడిందంట. ఎండిన బోరు మాదిరి ఇప్పి పెట్టుకోని కూర్చున్నారంట. జీతాలు మాత్రం వస్తాండాయా?"

బంతి బంతంతా నవ్వింది. నాగేంద్రారెడ్డి ముఖం నల్లబడింది. తింటున్న చెయ్యి ఆపి, తల కొంచెం పైకెత్తాడు. ఆయన మాట ఇచ్చేటప్పుడు తల అట్లాగే ఎత్తుతాడు.

"ఉగాది మర్సటిరోజు మీవాళ్ళందర్నీ పిల్చుకోని రా బావా. ముప్పై లక్షల వోల్టులు. నీ కండ్లతో చూసి పో. ఇది నా మాట."

ఉగాదికి అప్పటికి ఎన్ని రోజులో ఉన్నాయనుకునేరు, పట్టుమని వారం లేదు. కండిషనింగ్ ఇంకా ఎనిమిది లక్షల దగ్గర పాకుతోంది.

తిరిగొచ్చాక నేను చెప్పాను. గౌస్ చెప్పాడు. ఉగాది రోజు సెలవైనా లిడియా వచ్చి ఆయన గదిలో నిలబడి చెప్పింది. ఆయన ఆమెను కూర్చోమనలేదు.

"సార్, ఏప్రిల్ ఆఖరు అన్నారు గదా మీరే. ఇప్పుడు గబగబా పెంచితే ట్యూబు తట్టుకోదు. అది పోతే నాకు ఇంగ బీమ్ లేదు సార్."

"ఏం కాదులేమ్మా. ఇన్నేండ్ల నించి దీంతో కాపురం చేస్తాండా. దీని సంగతి నాకు తెల్దా?"

తెలుసు. అదే నా బాధ. తెలియనివాడైతే వదిలేద్దును. ఆయన కళ్ళు ఆ పిల్ల వైపు చూడలేదు, టేబుల్ మీద ఉన్న పెన్నును అటూ ఇటూ దొర్లిస్తూ ఉండిపోయాడు. ట్యూబు ఏమవుతుందో మా ముగ్గురి కంటే ఆయనకే బాగా తెలుసు.

గౌస్‌కు ఒక ఉపాయం తట్టింది. వెధవ ఉపాయమే, కానీ మిషన్ బతికేది.

"సార్, మిషన్‌ను ఎనిమిది లక్షల్లోనే ఉంచుదాం. స్క్రీన్ మీద ముప్పై అని సుందరం మామ నెంబరు పెడతాడు. మీ వియ్యంకునికి ఏం తెలుస్తాది? చూసి, టీ తాగి పోతాడు."

నేను తల ఊపాను. నిమిషం పని అది. నాగేంద్రారెడ్డి లేచి నిలబడ్డాడు.

"దొంగ నెంబరు చూపీమంటావా నన్ను? బంతిలో మాట ఇచ్చినా. నాలుగూర్ల పెద్దమనుషులు విన్నారు. మా ఇంట్లో ఇంతవరకు మాట ఇచ్చి అబద్దం చేసినోడు లేడు."

కలకత్తా ప్రొఫెసరుతో మిషన్‌కు జబ్బు చేసిందని చెప్పిన నోరే అది. ఏటా ఆడిటుకు వచ్చినవాళ్ళకు అన్నీ సవ్యంగా ఉన్నాయని నవ్వుతూ చెప్పిన నోరే. బతుకంతా అవసరమొచ్చినప్పుడల్లా అబద్ధమాడి, ఒక్క అబద్ధం మా అందరినీ కాపాడే రోజున ఈ మహానుభావుడు సత్యవంతుడయ్యాడు. ఆ నీతిని చూసి నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

మరుసటి రోజు ఉదయం రెండు తెల్ల స్కార్పియోలు వచ్చాయి. ఓబుళరెడ్డి, ఆయన తమ్ముళ్ళు, ఎవరో ఇద్దరు సర్పంచులు, ఖద్దరు చొక్కాల మడతలు నలగకుండా కంట్రోల్ రూములో వరుసగా కూర్చున్నారు. ట్యాంకు గోడ అవతల ఉంటుంది, ఇవతల మాకు కనిపించేది మీటర్లు, స్క్రీన్లు మాత్రమే. వోల్టేజీ పెంచమన్నాడు నాగేంద్రారెడ్డి. నేను కుర్చీలోంచి లేచి పక్కకు నిలబడ్డాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూసి తనే కూర్చున్నాడు. లిడియా తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. రావద్దని చెప్పినా వచ్చింది.

పన్నెండు. పదిహేను. పద్దెనిమిది. వ్యాక్యూమ్ మీటరు ముల్లు ఎగిరెగిరి పడుతోంది. గౌస్ దాన్ని చూడలేక బయటికి పోయాడు.

"ఇంతేనా బావా?" అన్నాడు ఓబుళరెడ్డి. "నెంబర్లు తిరుగుతాండాయి, అంతే గదా. మా క్రషర్‌లో అయితే రాయి పగిలేదన్నా కనపడతాది."

నాగేంద్రారెడ్డి ఇంకా పెంచాడు. ఇరవై రెండు దగ్గర గోడ అవతల ధడేల్‌మని చప్పుడైంది. కాళ్ళ కింద నేల అదిరింది. స్క్రీన్ మీద నెంబరు సున్నాకు పడిపోయింది. లోపల పిడుగు పడిందన్నమాట. నేను వ్యాక్యూమ్ మీటరు వైపు చూశాను.

వచ్చినవాళ్ళు మాత్రం కుర్చీల్లో నిటారుగా అయ్యారు. ఓబుళరెడ్డి ముఖంలో అప్పుడు వచ్చింది సంతోషం.

"ఇది, ఇది బాగుంది బావా. ఇంతసేపూ ఎందుకు దాచిపెట్టినావు? ఇంగోసారి కొట్టు."

నాగేంద్రారెడ్డి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను, ఆగింది. "సార్, వద్దు సార్" అంది లిడియా తలుపు దగ్గరనుంచి, ఎంతో మెల్లగా. ఓబుళరెడ్డి తమ్ముడు ఒకడు వెనక్కి తిరిగి, ఈ పిల్ల ఎవరన్నట్టు చూశాడు. నాగేంద్రారెడ్డి మళ్ళీ పెంచాడు.

ఇరవై ఆరు దగ్గర ఇంకో పిడుగు. సర్పంచులు చప్పట్లు కొట్టారు. మూడోసారి నెంబరు ముప్పైని తాకింది. తాకి, ఒక్క ఊపిరి పీల్చుకునేంత సేపు నిలబడింది. "చూసినావా బావా" అన్నాడు ఆయన. చూశామన్నారు అందరూ. ఆ మాట పూర్తయ్యేలోపే వచ్చిన చప్పుడుకు కిటికీ అద్దం ఒకటి బీటలిచ్చింది. ఆ తర్వాత ఎంత పెంచినా నెంబరు నాలుగు లక్షలు దాటలేదు.

వచ్చినవాళ్ళెవరూ అది గమనించలేదు. అప్పటికే లేచి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గండికోట హోటల్లో భోజనానికి పోయారు. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి ముందు జీపులో కూర్చున్నాడు. లిడియా కంట్రోల్ రూములో ఆ నాలుగు లక్షల నెంబరు ముందే కూర్చుండిపోయింది. ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టి వీళ్ళు మటన్ తినడానికి పోయారు.

గ్యాసు వెనక్కి తోడి ట్యాంకు తెరిచేసరికి వారం పట్టింది. గౌస్ లోపలికి పాకి, టార్చి వేసి చాలాసేపు బయటికి రాలేదు. ట్యూబు గాజు రింగుల మీద పై నుంచి కింది దాకా నల్లటి చారలు, మూడుచోట్ల పగుళ్ళు. బాగుచేసే ప్రసక్తే లేదు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల జరిగిందని డైరెక్టరుకు చెప్పాడు నాగేంద్రారెడ్డి. మా దగ్గర కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఆయనా నమ్మారు, లేదా నమ్మితే పని తక్కువని నమ్మారు. నేను ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "చూద్దాం సుందరంగారూ" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. పెండ్లి బ్రహ్మాండంగా జరిగింది. ముప్పై లక్షల వోల్టుల మామ అని అల్లుడు తన స్నేహితులకు పరిచయం చేశాడు.

జూన్‌లో లిడియా గడువు అయిపోయింది. ప్రొద్దుటూరులో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరింది. ఆమె దూషించలేదు, ఏడ్చిందేమో నాకు తెలియదు, కేంద్రానికి మాత్రం మళ్ళీ రాలేదు. అదే నాగేంద్రారెడ్డికి నిద్ర పట్టనివ్వలేదు. ఎవరైనా తన మీద మనసు కష్టపెట్టుకున్నారంటే ఇంటికి పోయి రాజీ చేసుకోవడం ఆయన పద్ధతి. ఊళ్ళో అన్ని తగాదాలకూ అదే మందు వేస్తాడు. ఒక ఆదివారం చర్చి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని, పులివెందుల తోటలో కోసిన అరటిగెల ఒకటి జీపులో వేసుకుని, జమ్మలమడుగులో కమలమ్మ ఇంటికి బయలుదేరాడు. మా చర్చివాళ్ళ ఇల్లు కాబట్టి నేను పక్కన ఉండాలట. నేనెందుకు వెళ్ళానంటే, ఆయన ఏమంటాడో చూడాలని.

ముందు గదిలో కూర్చోబెట్టారు. కమలమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, తల కొంచెం పైకెత్తాడు.

"పాపా, జరిగింది జరిగిపోయింది. కొత్త ట్యూబుకు రాయించినా. రెండేండ్లో మూడేండ్లో పట్టచ్చు. అది వస్తానే మొదటి వంతు నీదే. పెద్దామె ముందర, సుందరం ముందర చెప్తాండా. ఇది నా మాట."

లిడియా చేతిలో పిల్లల పరీక్ష కాగితాలున్నాయి. వాటిని పక్కన పెట్టింది.

"సార్, మే నెలలో వంతు నాదే అని ఇంతకుముందు గూడా చెప్పినారు. ఆ మాట ఏమైంది?"

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. సిగ్గుపడతాడేమో, తల దించుతాడేమో అనుకున్నాను. మనిషి నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆ పిల్ల అడిగిందేమిటో అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు కూడా.

"అది మాట ఎట్లయితాదమ్మా?" అన్నాడు. "అది ఆఫీసులో నీకు చెప్పింది గదా."

కమలమ్మ లేచి, ఎవరినో పిలిచి అరటిగెలను తీసుకుపోయి జీపులో పెట్టించింది. లిడియా మళ్ళీ కాగితాలు అందుకుని దిద్దుకోసాగింది. మేము చెప్పులు వేసుకుని బయటికి వచ్చాం.

జీపు మెయిన్ రోడ్డు ఎక్కాక ఆయన వెనక సీటులో ఉన్న గెలను ఒకసారి తిరిగి చూశాడు.

"పెద్దామెకు షుగరున్నట్టుంది గదప్పా" అన్నాడు నాతో.